బుగ్గ చుక్క, నుదుటి చుక్క

నమోదు 611. మాఘ బహుళ పాడ్యమి, సోమవారం.

గెడ్డలో నీరు మోకాటి లోతు. కరెంటిచ్చే చక్రం తిరుగుతోంది. రీళ్ళు దాచే చల్లగది పదమూడు డిగ్రీలు. రోజూ ఈ మూడూ ముందు రాయాలని మా అధికారి మస్తాన్ గారి నియమం. రాశాను. మిగతాది నా ఇష్టం.

పాత పుస్తకం నిండిపోయింది. కొత్త పుస్తకం మొదటి పేజీలో రాసేవారి పేరు ఉండాలట. నూకరత్నం, యాభై మూడేళ్ళు, మెట్టకొండ చిత్రశాలలో స్కానింగు పని. మా నాన్న వలలు అల్లేవాడు. సముద్రం మీదకొచ్చి తీరమంతా మింగేశాక పుట్టినవాడు, కొండ మీద వల ఎవరికి కావాలి? అయినా అల్లడం మానలేదు, నాకూ నేర్పాడు. ఆ వేళ్ళతోనే ఇప్పుడు చిరిగిన రీళ్ళు అతుకుతున్నాను. చేతికి నచ్చిన పని దొరికింది. నాకింకేం కావాలి!

ఈరోజుతో కాంపౌండరు లోకనాథం గారి పెట్టెలో ఐదో అర పూర్తయింది. ఆ సముద్రపు పోటుకు ముందు ఆయన తీరంలోని ఊరూరూ తిరిగి పసిపిల్లల నోట్లో చుక్కల మందు వేసేవాడు. వేసిన ప్రతి పిల్లకీ ఒక ఫోటో తీసేవాడు, అదీ రీలు కెమెరాతో. అప్పటికే రీలు కెమెరా పాతబడిపోయిందట. ఫోనుల్లో లక్షల ఫోటోలు తీసుకుంటున్న జనం ఆయన్ని చూసి నవ్వేవారట. తర్వాత ఊళ్ళు నీళ్ళలోకి పోయాయి. ఫోనుల్లోని ఫోటోలన్నీ ఎక్కడో మబ్బులో దాచామన్నారు గానీ, ఆ మబ్బు ఖాళీ అయిన ఏడాది ఒక్క ముఖం కూడా మిగల్లేదు. మిగిలిందల్లా కొండ మీది ఆసుపత్రి అటక మీద పడున్న ఈయన రేకుపెట్టె. ఆరు అరలు, అరకు నూట తొంభై స్లైడ్లు. అన్నీ పిల్లలే. కొందరు ఏడుస్తున్నారు, కొందరు మందు చప్పరిస్తున్నారు, ఒకడైతే కెమెరా మీద ఉచ్చ పోస్తున్నాడు. వాణ్ణి చూసి మధ్యాహ్నమంతా నవ్వుకున్నాను.

స్లైడ్ల మీద గీతలు, బూజు, ఎలుక పళ్ళు, అన్నీ ఉన్నాయి. వాటిని తీసే యంత్రం పేరు శుద్ధి. అడిగినదానికీ అడగనిదానికీ మాట్లాడుతుందని నేను సుద్దులమ్మ అంటాను. ఇదివరకు దానికో కంటికి కనబడని వెలుగిచ్చే దీపం ఉండేది. ఆ వెలుగు బొమ్మలోని రంగుల గుండా దూరిపోయేది, దుమ్ము దగ్గర మాత్రం ఆగిపోయేది. కాబట్టి ఏది దుమ్మో ఏది బొమ్మో దానికి తిరుగులేకుండా తెలిసేది. ఏడాదిన్నర కిందట దీపం మాడిపోయింది. అలాంటిది చేసేవాళ్ళు ఇప్పుడు లేరు. అప్పటినుంచీ నేనే పక్కన కూర్చుని నోటితో చెప్పి నేర్పాను. గొప్పగా నేర్చుకుంది, ఆ మాత్రం గర్వం నాకుంది.

ఐదో అర నివేదిక, నియమం ప్రకారం ఉన్నదున్నట్టు అతికిస్తున్నాను: గీతలు 318. ధూళి చుక్కలు 940. బూజు చుక్కలు 77. నీటి చుక్కలు 29. దిష్టి చుక్కలు 41. అన్నీ తీసివేయబడ్డాయి.

ముఖాలన్నీ అప్పుడే స్నానం చేయించినట్టున్నాయి.

నమోదు 612. విదియ, మంగళవారం.

నీరు మోకాటి కిందికి దిగింది. చక్రం ఆగి ఆగి తిరుగుతోంది. చల్లగది పదిహేను.

చల్లగదిలో చోటు చాలదు, కరెంటు అసలే చాలదు. అందుకని స్కాను అయిపోయిన అరలను దాచుకోము. నేనొక సంతకం, మస్తాన్ గారొక సంతకం పెడితే బండి వాటిని గెడ్డ ఒడ్డున కరిగింపు గదికి తీసుకుపోతుంది. అక్కడ కరిగి నారు పోసుకునే తట్టలవుతాయి. మొదట్లో బాధగా ఉండేది. ఇప్పుడు మా పెరట్లో వంగనారు అలాంటి తట్టలోనే ఉంది, నీళ్ళు పోసినప్పుడల్లా ఎవరి ముఖమో తాగుతున్నట్టుంటుంది.

పక్షానికొకసారి వచ్చే బండి ఈరోజే వచ్చింది. ఐదు అరలకూ సంతకం పెట్టి పంపేశాను. స్కాన్లు దాచే పలకల్లో చోటు కోసం శుద్ధికి ముందున్న మురికి కాపీలు కూడా చెరిపేశాను. అంతా సవ్యంగా ఉందని రాయడానికి నాకు సంతోషంగా ఉంది.

మస్తాన్ గారు బీరువా తీసి తన కెమెరా తుడుచుకున్నారు. మెట్టకొండలో మిగిలిన ఆఖరి రీలు అందులో ఉంది. అందులో ఇంకా ఏడు ఫోటోలకే చోటుంది. వాటిని ఆరేళ్ళుగా దాస్తున్నారు.

"తగిన రోజు రావాలమ్మా నూకరత్నం. ఊరికే తీసేసుకుంటే ఎట్లా?" అన్నారు.

"ఆ రోజొచ్చేసరికి మీరూ నానూ ఉండాలి గదండీ," అన్నాను. ఆయన కెమెరా మళ్ళీ బీరువాలో పెట్టి రెండుసార్లు తాళం వేశారు.

నమోదు 613. తదియ, బుధవారం.

నీరు, చక్రం, చల్లగది ఈరోజు చూడలేదు. ఎందుకు చూడలేదో రాస్తున్నాను. మస్తాన్ గారు చదువుతారని తెలిసే రాస్తున్నాను.

బుధవారం చూపుల రోజు. కొత్తగా ఏ ఊళ్ళ బొమ్మలు వచ్చాయో గుమ్మం మీద రాస్తాం. తమ ఊరి పేరు కనబడినవాళ్ళు వచ్చి వెతుక్కుంటారు. ఈరోజు అందరికంటే ముందు వచ్చింది పోటమ్మ. డెబ్బై రెండేళ్ళది. చేతికర్రతో, మెట్టవలస నుంచి ఎడ్లబండిలో తెల్లవారే బయల్దేరి వచ్చింది.

"గుల్లలపేట బొమ్మలొచ్చినాయంట గదమ్మా. సూపించు," అంది, ఇంకా కూర్చోకుండానే.

"మంచినీళ్ళు తాగప్పా ముందు. ఎవుల కోసం ఎతుకుతన్నావు?"

"నా కోసమే."

కూర్చున్నాక చెప్పింది. పోటు వచ్చిన మూడో రోజు, కొబ్బరి చెట్టుకు చిక్కుకున్న వెదురు తట్టలో ఆమె దొరికిందట. ఏడాది కూడా నిండని పిల్ల. తట్టలో రెండు జతల వెండి మురుగులున్నాయట. ఒక జత ఈమె చేతులకి, ఇంకో జత ఊడిపోయి అడుగున. కవలలనీ, ఒకరు పోయారనీ అలా తెలిసింది. ఎత్తుకున్నవాళ్ళు పోటులో దొరికిందని పోటమ్మ అన్నారు. అదే పేరైపోయింది.

"ఏటేటా పోటు దినం నాడు మాయప్పకి దీపమెడతాను. పేరు తెల్దు గదా, ఊరికే దీపమెట్టి ఊరుకుంటాను. అది అప్పో, సెల్లో కూడా తెల్దు. ఇప్పుడు మా మనవడికి గుంట పుట్టినాది. వొచ్చే ఆదోరం పేరెడతారు. ముసిల్దాని పేరే ఎడతామని కూకున్నారు. పసిగుంటకి పోటు పేరెడతారేటమ్మా? నాకెంత కోపమొచ్చినాదో! మాయమ్మ నాకేదో పేరెట్టే ఉంటాది. అది కావాల. నాను పోయేలోపల ఒక్కసారి ఆ పేరుతో నన్నెవులైనా పిలవాల."

అని తల పక్కకి తిప్పి ఎడమ చెవి చూపించింది. చెవి ముందు పెసరగింజంత కండ ఉంది. "ఇది పుట్టుకతో ఉన్నాది. దీన్ని బట్టి ఎతుకు."

నాకు ఉత్సాహం ఆగలేదు. ఐదో అరలో కవలల బొమ్మ ఒకటే ఉంది, నాకు గుర్తే. తెర మీదకి తెచ్చాను. తల్లి పీట మీద కూర్చుని పక్కకి చూసి ఎవరితోనో నవ్వుతోంది, ఒళ్ళో ఇద్దరు పిల్లలు. కుడి తొడ మీది పిల్లకి ఎడమ చెవి ముందు పెసరగింజ.

పోటమ్మ తెరకి ముక్కు ఆనించేంత దగ్గరగా పోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "మాయమ్మకి పన్ను మీద పన్ను ఉన్నాదే! నాకూ అంతే," అని నోరు తెరిచి నాకు చూపించింది.

బొమ్మతో పాటే స్కానైన స్లైడు అంచు మీద లోకనాథం గారి చేతిరాత చదివి వినిపించాను: గుల్లలపేట. కవలలు, పది నెలలు. బుగ్గ చుక్క బంగారి. నుదుటి చుక్క నీలాలు.

"అంటే?"

"అంటే, మీయమ్మ మీ ఇద్దరికీ దిష్టి చుక్క ఒకేచోట ఎట్టలేదప్పా. ఎవులెవులో తెలీడానికి ఒకర్తికి బుగ్గన, ఒకర్తికి నుదుటన ఎట్టింది. నీకెక్కడెట్టిందో సూద్దాం."

పెద్దది చేశాను. బుగ్గలు చూశాను. నుదుళ్ళు చూశాను. ఇద్దరికీ ఎక్కడా ఏమీ లేదు. ఇంకా పెద్దది చేశాను. రెండు ముఖాలూ తోమిన ఇత్తడి చెంబుల్లా మెరుస్తున్నాయి.

అప్పుడు సోమవారం నేనే అతికించిన నివేదిక గుర్తొచ్చింది. దిష్టి చుక్కలు 41. అన్నీ తీసివేయబడ్డాయి.

ఎలా జరిగిందో ఒక్క క్షణంలో అర్థమైంది. నేర్పే రోజుల్లో ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపించేదాన్ని. ఇది బూజు చుక్క, ఇది నీటి చుక్క. మధ్యలో ఎవరో బొద్దుగా ఉన్న పిల్ల వస్తే, ముద్దొచ్చి, "ఓలమ్మ, ఎంత దిష్టి చుక్కెట్టిందో సూడు వాళ్ళమ్మ!" అని కూడా అన్నాను. చివర్న, "చుక్క ఏదైనా సరే తీసేయ్," అన్నాను. సుద్దులమ్మ నా మాట జవదాటలేదు. రోజూ నాకు చెప్పే చేసింది. ముగ్గురు పిల్లలకి నా చేత్తో కాటుక దిద్దిన నేను, ఆ మాటను రోజూ చూస్తూ సంతకం పెట్టాను.

"ఏటైనాది? నా పేరేటి?" అంది పోటమ్మ.

అబద్ధం చెప్పొచ్చు. రెండు పేర్లలో ఏదో ఒకటి చెబితే సంతోషంగా వెళ్ళిపోయేది. కానీ తప్పు పేరు చెబితే బతికున్నంతకాలం ఆమె తన పేరుకే తను దీపం పెట్టుకుంటుంది.

"సెరిపీసినాను అప్పా. నానే సెరిపీసినాను. అసలుది కరిగింపుకి ఎల్లిపోనాది. నువ్విక్కడే ఉండు," అని చెప్పి పరిగెత్తాను.

యాభై మూడేళ్ళ మనిషి గెడ్డ దాకా ఆ దిగుడు ఎలా పరిగెత్తిందని అడక్కండి. చెప్పు ఒకటి దారిలో పోయింది. కరిగింపు గదిలో దాలయ్య పొయ్యి ఎగదోస్తున్నాడు.

"కాంపౌండరు పెట్టి! లోకనాథం పెట్టి ఏదిరా?"

"నాలుగరలు రాతిరి లోపలే అయిపోనాయి రత్నమప్పా. ఐదోది నానబెట్టినాను, అంచుల మీద కాయితాలూడాలి గదా," అని తొట్టి చూపించాడు.

నాలుగు అరలు. ఏడువందల అరవై మంది పిల్లలు. అది తర్వాత ఏడుద్దామనుకుని తొట్టి మీదకి వంగాను. నూట తొంభై స్లైడ్లు నీళ్ళలో ఉన్నాయి. అంచుల మీది కాగితాలు ఊడి, సిరా కరిగి నీళ్ళు నీలంగా ఉన్నాయి. రాత పోతే పోయింది, రాత నా దగ్గర తెర మీద ఉంది. బొమ్మ ఉండాలి. అయితే తడిసిన రీలు మెత్తబడి ఉంటుంది. గోరు తగిలితే చాలు, బుగ్గ మీది చుక్క కాస్తా గోటికే వచ్చేస్తుంది. అందులో చెయ్యి పెట్టి కలియబెడితే అంతే సంగతులు.

"దాలయ్యా, సన్నతాడుంటే తే. నీ పంచె ఆరేసిన తాడైనా సరే."

వలకి ముడి ఎలా వేస్తారో అలా, ఒక్కో అంచుకీ ఒక ముడి. బొమ్మకి తగలకుండా అంచునే పట్టుకుని, ఒక్కొక్కటే నీళ్ళలోంచి తీసి ఎండలో వేలాడదీశాను. కొండ మీద వల ఎవరికి కావాలి అని ఇన్నాళ్ళూ మా నాన్నని ఎగతాళి చేశాను. క్షమించు నాన్నా. రెండు గంటలకి గెడ్డ ఒడ్డున మూడు వరసల్లో పిల్లలు ఆరుతున్నారు. ఎండ వాళ్ళ గుండా నేల మీద పడి, ఇసుకంతా ఎర్రగా పచ్చగా మెరిసింది.

ఈలోగా పోటమ్మ కర్ర పొడుచుకుంటూ దిగి వచ్చేసింది. ఉండమంటే ఉంటుందా!

నూట ఇరవై ఏడోది అదే. పీట, నవ్వుతున్న తల్లి, ఇద్దరు పిల్లలు. బొమ్మ మీద గీతలు, మూల బూజు, తల్లి మోకాలి మీద ఎలుక కొరుకుడు. భూతద్దం పెట్టి సూర్యుడి వైపు పట్టుకున్నాను. స్లైడు కదలకుండా దాలయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు.

ఎడమ తొడ మీది పిల్లకి బుగ్గన చుక్క. కుడి తొడ మీద పెసరగింజ పిల్లకి బుగ్గన ఏమీ లేదు. నుదుట, కనుబొమ పైన, తల్లి వేలు కాస్త జారినట్టుంది, కొంచెం వంకరగా, నల్లగా, గుండ్రంగా ఉంది.

"నీలాలూ," అని పిలిచాను.

ఆమె వెంటనే, "ఆ?" అంది. అని, తను పలికానని తెలిసి, కర్ర వదిలేసి ఇసుకలో కూలబడింది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దాలయ్య పొయ్యి చూసుకోవాలంటూ లోపలికి పోయాడు. పొయ్యి ఆరిపోయి చాలాసేపైంది.

నమోదు 614. చవితి, గురువారం.

నీరు మోకాటి లోతు. చక్రం తిరుగుతోంది. చల్లగది పద్నాలుగు.

నిన్నటి నమోదు మస్తాన్ గారు రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. నా పని పోయిందనే అనుకున్నాను.

"సంతకం నాది కూడా ఉంది కదమ్మా. నేనూ చదవలేదు," అన్నారు. తర్వాత, "జాబితా పుస్తకంలో ఆ ఏడువందల అరవై మంది పేజీల్లోనూ మీ చేత్తో రాయండి. ఇక్కడ చుక్క ఉండి ఉండవచ్చు, మేం తీసేశాం అని. చూసేవాళ్ళకు తెలియాల. ఇకమీదట మురికి కాపీలు చెరపొద్దు, అసలువి కరిగించొద్దు," అన్నారు.

"చోటేదండీ?"

"పలకల్లో నా ఉపన్యాసాలు నలభై ఉన్నాయి గదా. అవి తీసేయండి. ఎవరు వింటున్నారు?"

నేను వింటానని చెప్పలేకపోయాను, అబద్ధమవుతుంది. చల్లగదిలో చాలని చోటుకి మాత్రం తన గది ఇచ్చేసి, ఆయన బల్ల, కుర్చీ బయట వరండాలో వేయించుకున్నారు. చలికి మఫ్లరు చుట్టుకుని అక్కడే కూర్చుంటున్నారు. చాలా మంచి మనిషి. ఈ మాట చదువుతారని తెలిసే రాస్తున్నాను.

సుద్దులమ్మకి చెప్పాను, దిష్టి చుక్క మరక కాదని.

"చుక్క ఏదైనా తీసేయమని మీరు చెప్పారు. నమోదు 208," అంది.

"సెప్పినాను. బుద్ధిలేక సెప్పినాను."

"రాలిపడిన చుక్కనూ, కావాలని పెట్టిన చుక్కనూ ఎలా గుర్తించాలి?"

ఆలోచించాను. నిజానికి నాకూ తెలీదు. అమ్మ పెట్టిందని మనకెలా తెలుస్తుంది? చూడగానే తెలుస్తుంది, అంతే. అది యంత్రానికి ఎలా చెప్పడం?

"ముఖం మీద ఏదున్నా నన్నడుగు. రోజుకి వెయ్యిసార్లైనా అడుగు, పరవాలేదు," అన్నాను. ఇదివరకే ఊరుకోనిది, ఇక ఊరుకుంటుందా!

నమోదు 616. షష్ఠి, శనివారం.

నీరు, చక్రం, చల్లగది బాగున్నాయి.

రెండు వందల పదకొండు పేజీల మీద రాశాను. వేళ్ళు నొప్పిగా ఉన్నాయి. రాసేటప్పుడు ప్రతి ముఖాన్నీ చూస్తున్నాను. ఎక్కడ ఉండేదో ఊహించుకుంటున్నాను. దీనికి బుగ్గన, వీడికి గడ్డం పక్కన. ఎండలో ఆరేసిన నూట తొంభై మందీ క్షేమం.

మెట్టవలస నుంచి కబురొచ్చింది, రేపు పేరు పెట్టే వేడుకకి మమ్మల్ని రమ్మని. సాయంత్రం మస్తాన్ గారు బీరువా తెరిచారు. కెమెరా తుడిచారు. ఈసారి మళ్ళీ లోపల పెట్టలేదు.

నమోదు 619. దశమి, బుధవారం.

నీరు మోకాటి పైకి వచ్చింది, పైన ఎక్కడో వాన పడినట్టుంది. చక్రం హుషారుగా ఉంది. చల్లగది పదమూడు.

ఆదివారం మెట్టవలసలో అరిసెలు తిన్నాం. పిల్ల ఉయ్యాల్లో నిద్రపోతోంది. పేరు పిలిచే వేళకి మనవడు, "మామ్మా, నీ అసలు పేరే పెడతాం, నీలాలని," అన్నాడు.

"నా పేరు నాకుండనీరా," అంది ఆమె. "ఇన్నాళ్ళకి దొరికినాది, ఇంకొకళ్ళకిచ్చీలేను. గుంటకి మాయప్ప పేరెట్టండి. అది ఎక్కువ కాలం వాడుకోనేదు."

ఆమె వంగి పిల్ల చెవిలో మూడుసార్లు ఆ పేరు పిలిచింది. తర్వాత కాటుక భరిణె తెమ్మని, పిల్లని ఎత్తుకుని తన వేలితోనే చుక్క పెట్టింది. ఎక్కడ పెట్టాలో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మస్తాన్ గారు ఏడింటిలో ఒకటి తీశారు.

నిన్న రీలులో ఆ ఒక్కటీ కత్తిరించి కడిగాం. ఈరోజు పొద్దున్నే స్కానుకి పెట్టాను. కొత్తది కదా, గీతలు లేవు, బూజు లేదు. సుద్దులమ్మ ముఖం దగ్గర ఆగింది.

"బుగ్గ మీద ఒక చుక్క ఉంది. తీయమంటారా, ఉంచమంటారా?" అంది.

"ఉంచు," అన్నాను.

స్లైడు అంచు మీద రాయడానికి కలం నాకే ఇచ్చారు. లోకనాథం గారు రాసినట్టే, చిన్న అక్షరాలతో, జాగ్రత్తగా రాశాను: మెట్టవలస. ఇరవై ఒకటో రోజు. బుగ్గ చుక్క బంగారి. ఎత్తుకున్నది నీలాలు.